స్పెషల్ బ్యాచ్‌లో పిల్లని ఉంచాలా, తీసేయాలా? ముందు ట్రే లేపి చూడండి

ఫిబ్రవరి మొదటి వారంలో బడి నుంచి ఒక కాగితం వస్తుంది. మీ పాప వచ్చే ఏడాది కూడా ఒలింపియాడ్ బ్యాచ్‌లో కొనసాగుటకు అంగీకరిస్తూ 15వ తేదీలోగా అడ్వాన్సు చెల్లించగలరు, అని. (ఒలింపియాడ్ అంటే లెక్కలు, సైన్సుల్లో దేశాల మధ్య జరిగే పిల్లల పోటీ.) కింద సంతకానికి చుక్కల గీత ఉంటుంది. ఆ గీత దగ్గర పెన్ను పట్టుకుని ఆగిపోయిన తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

మాది ఆకివీడు దగ్గర పల్లె. ఆరెకరాల రొయ్యల చెరువులు, రెండు సొంతం, నాలుగు కౌలు. నా చదువు ఇంటర్‌తో ఆగింది. పిల్లల చదువు గురించి చెప్పే అర్హత ఏముందంటే, ఫీజులు కట్టిన అర్హత ఉందండి. పైగా ఇలాంటి నిర్ణయం మా ఇంట్లో రెండుసార్లు తీసుకున్నాం. పెద్దోడి విషయంలో తప్పు చేశాను. అమ్మాయి విషయంలో కాస్త నిలబడి ఆలోచించాను.

కాగితం వచ్చిన వారం తేల్చకండి

2016లో పెద్దోడికి నవోదయలో, అంటే కేంద్రం నడిపే హాస్టల్ బడిలో, సీటొచ్చింది. ఒక్కో నవోదయలో ఆరో తరగతికి ఉండేవి 80 సీట్లే, కాబట్టి ఊరంతా చెప్పుకున్నాం. పిల్లాణ్ణి దించి వచ్చాక మూడో ఆదివారం చూడ్డానికి వెళితే గేటు దగ్గర వాళ్ళమ్మ కొంగు పట్టుకుని వదల్లేదు. ఆ నెలలోనే మాకు రెండు చెరువులు వైట్‌స్పాట్ తెగులుతో పోయాయి. రొయ్య ఎదగకుండానే అర్ధాంతరంగా పట్టేసి, వచ్చిన రేటుకి అమ్ముకున్నాం. ఇంట్లో మా అమ్మ "పసివాణ్ణి ఎక్కడో పడేసి వచ్చారు" అని అన్నం మానేసింది. అక్కడి మాస్టారు "దసరా దాకా ఆగండి, మొదట్లో పిల్లలు ఇలాగే ఏడుస్తారు" అని నచ్చజెప్పారు. నేను వినలేదు. నాలుగో ఆదివారం వెళ్ళి పెట్టె సర్దించి తెచ్చేశాను.

వాడు ఏడ్చింది ఇంటి మీద బెంగతో. చదువు నచ్చక కాదు. ఆ రెండూ వేరని నాకు అప్పట్లో తట్టలేదు. వాడికిప్పుడు ఇరవై దాటాయి. ఏడ్చిన సంగతి వాడికి గుర్తే లేదు. తెచ్చేసిన సంగతి మాత్రం బాగా గుర్తుంది. "నన్నొక్క మాట అడగలేదు నాన్నా" అంటాడు, ఏదైనా గొడవొస్తే.

అందుకని చెబుతున్నాను. చేరిన మొదటి మూడు నెలల్లో తేల్చొద్దు. ర్యాంకుల షీటు వచ్చిన వారంలో తేల్చొద్దు, ర్యాంకు బాగా వచ్చినా సరే. మీ ఇంట్లో పంట పోయినప్పుడో, అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నప్పుడో అసలు తేల్చొద్దు. అప్పుడు మనం ఆలోచించేది పిల్లాడి గురించి అనుకుంటాం గానీ, కాదు.

వదిలేస్తే మళ్ళీ దారి ఉందా?

ఇది మొదట కనుక్కోవాలి. ఎందుకంటే కొన్ని సీట్లు వదిలితే పోయినట్టే. నవోదయలో మనం ఖాళీ చేసిన సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న పిల్లాడికి పోతుంది. మళ్ళీ తొమ్మిదిలో, పదకొండులో పరీక్ష పెడతారు గానీ అది ఖాళీలుంటేనే. అదే ప్రైవేటు బడిలో స్పెషల్ బ్యాచ్ అయితే, నిజం మాట్లాడుకుందాం, డబ్బు పట్టుకెళితే జూన్‌లోనూ చేర్చుకుంటారు, దసరాకీ చేర్చుకుంటారు. "ఇప్పుడు వదిలితే మళ్ళీ రాదు సార్" అని వాళ్ళు ఫోన్ చేసినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇంకోటి కూడా ఉంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతున్న పిల్లని ఇలాంటి బ్యాచ్ కోసం ఏడులోనో ఎనిమిదిలోనో ప్రైవేటుకి మార్చే వాళ్ళుంటారు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. దాంట్లో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 చొప్పున వస్తాయి, నాలుగేళ్ళకి 48,000. బడి మారిస్తే ఆ అవకాశం పోతుంది. చాలామంది ఈ లెక్క చూసుకోకుండానే మార్చేస్తున్నారు.

పేరు ఒలింపియాడ్, లోపల ఏముంది?

మా అమ్మాయి భీమవరంలో ఒక ప్రైవేటు బడి. ఆరో తరగతిలో పరీక్ష పెట్టి ముప్ఫై మందిని తీసి వేరే సెక్షన్ చేశారు. ఫీజు మామూలు సెక్షన్ కంటే ఏడాదికి 35,000 ఎక్కువ. రెండేళ్ళు కట్టాను, ఆ పుస్తకంలో ఏముందో ఒక్కసారి తెరిచి చూడకుండా. మేత కొనేటప్పుడు మాత్రం బస్తా మీద ప్రొటీన్ శాతం ఎంతో చదివి మరీ కొంటాను.

మీరు ఆ పొరపాటు చేయకండి. ఒక వారం వర్క్‌షీట్లు తెప్పించి, తెలిసిన లెక్కల మాస్టారికి చూపించండి. అడగాల్సింది ఒకటే. ఇది పిల్లల్ని ముందుకు తోస్తోందా, లోతుకి దింపుతోందా? తొమ్మిది, పది తరగతుల సిలబస్‌ని తెచ్చి ఏడో తరగతిలో చెప్పడం ముందుకు తోయడం. ఏడో తరగతి పిల్లకి తెలిసిన కూడికలు, గుణకారాలతోనే గంటసేపు తల గోక్కునే లెక్క ఇవ్వడం లోతుకి దింపడం. మొదటిది ఐఐటీ ఫౌండేషన్. అది తప్పని నేననను. ఒలింపియాడ్ అని పేరు పెట్టడంతోనే పేచీ.

అసలు ఒలింపియాడ్ దారి వేరే ఉంది. మన దేశంలో దానికి ముంబైలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటరే ప్రధాన కేంద్రం. లెక్కల్లో మొదటి మెట్టు ఐఓక్యూఎం అనే పరీక్ష. మూడు గంటలు, 30 ప్రశ్నలు, ప్రతి జవాబూ సున్నా నుంచి 99 దాకా ఒక పూర్ణసంఖ్య. ఎనిమిదో తరగతి నుంచి ఎవరైనా పేరు నమోదు చేసుకుని రాయొచ్చు. దానికి ఏ బ్యాచ్‌లోనూ ఉండనక్కర్లేదు. ఈ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు.

ట్రే లేపడం

రొయ్యల సాగు తెలియని వాళ్ళ కోసం కొంచెం చెబుతాను. చెరువులో మేత చల్లాక చెక్ ట్రేల్లో కొంచెం మేత వేసి నీళ్ళలోకి దింపుతాం. రెండు గంటల తర్వాత లేపి చూస్తాం. మేత అయిపోతే సరే, మిగిలితే తగ్గించాలి. లేకపోతే మిగిలిన మేత అడుగున కుళ్ళి నీరు చెడిపోతుంది. ట్రే ఖాళీగా ఉంటే కూడా సరిపోదు. రొయ్యని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి పేగు చూడాలి. పేగు నిండుగా నల్లటి గీతలా ఉంటే తిన్నట్టు. తెగి తెగి ఉంటే ఏదో తేడా వచ్చినట్టు.

అమ్మాయి ఎనిమిదిలో ఉండగా శనివారం ఉదయాలు కడుపునొప్పి అనేది. శనివారం వీక్లీ టెస్టు. ఆర్ఎంపీ గారు గ్యాస్ మాత్ర ఇచ్చారు. ఒక రాత్రి నేను ఏరియేటర్లు చూసుకుని వచ్చేసరికి తెల్లవారుజామున నాలుగున్నర. ఆ టైముకి చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది, అందుకని మేం మేలుకునే ఉంటాం. చూస్తే ఈ పిల్ల కూడా మంచం మీద కూర్చుని పుస్తకం తెరిచి ఉంది. నిద్రపోయింది పదిన్నరకి. ఆరుంపావుకి బస్సు. మా ఆవిడ టీ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఏవండీ, రొయ్యలకైతే రోజుకి నాలుగుసార్లు ట్రే లేపి చూస్తారు. దీని దగ్గర ఎప్పుడైనా లేపారా?" అంది.

అంతే, ఆ రోజు మొదలుపెట్టాం. మీరు కూడా రెండు వారాలు చూడండి. చదువు రాని వాళ్ళు కూడా చూడొచ్చు.

రఫ్ పుస్తకం తీయండి. లెక్క తప్పో ఒప్పో మనకి తెలియనక్కర్లేదు. కొట్టివేతలు ఉన్నాయా చూడండి. ఒక లెక్కని రెండు రకాలుగా మొదలుపెట్టి, అడ్డంగా గీత కొట్టి, పక్కన చిన్న బొమ్మ గీసి, మళ్ళీ మొదలుపెట్టి ఉంటే పిల్ల తింటోంది. మా అమ్మాయి ఆరో తరగతి రఫ్ పుస్తకం అలాగే ఉండేది, కోళ్ళు గీరిన దొడ్డిలాగా. ఎనిమిదో తరగతిది ముత్యాల్లాంటి దస్తూరీ. పేజీ పేజీకీ అదే వరస, ఆఖర్న "హెన్స్ ప్రూవ్డ్". కీ చూసి దించింది. ట్రే ఖాళీగానే ఉంది, హోంవర్క్ అంతా అయిపోయింది మరి. పేగులో మాత్రం ఏమీ లేదు.

పక్కనే ఇంకో సంగతి చెప్పాలి. మా తోడల్లుడి కొడుకు కూడా అదే బ్యాచ్. వాడు కరెంటు బిల్లు వెనక, క్యాలెండర్ మీద, పెళ్ళి కార్డు మీద లెక్కలు గీకుతాడు. సంక్రాంతికి వచ్చి, అందరూ కోడిపందేలకి పోతే డాబా మీద కూర్చుని త్రిభుజాలు గీశాడు, ఎవరూ చెప్పకుండా. వాడు ఆ బ్యాచ్‌లోనే ఉన్నాడు, హాయిగా ఉన్నాడు. కాబట్టి బ్యాచ్ చెడ్డదా మంచిదా అని ఊళ్ళో వాదించుకోవడం దండగ. సంక్రాంతి సెలవులు మంచి పరీక్ష మాత్రం. టెస్టులూ స్టడీ అవర్లూ ఏవీ లేని ఆ పది రోజుల్లో పిల్ల తనంతట తాను ఏం ముట్టుకుంటుందో గమనించండి.

నిద్ర లెక్కపెట్టండి, నిజంగా గడియారం చూసి. పదమూడేళ్ళు దాటిన పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటలు కావాలని డాక్టర్లు చెబుతారు. మా పిల్లకి ఆరు దక్కుతున్నాయి. పిల్ల ముభావంగా అయిపోయినా, తిండి మానేసినా, "నేనెందుకూ పనికిరాను" లాంటి మాటలు అంటున్నా ఈ రెండు వారాల పద్ధతి పక్కన పెట్టి వెంటనే డాక్టర్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఫోన్ చేస్తే డబ్బులు పడవు, ఏ వేళలోనైనా మాట్లాడతారు. అలాంటప్పుడు బ్యాచ్ గురించి ఆలోచించే అవసరమే లేదు.

అడిగే తీరు

"ఉంటావా, మానేస్తావా?" అని అడిగితే ఏ పిల్లా నిజం చెప్పదు. మన మొహం చూసి, మనకి కావలసింది చెబుతుంది. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగొద్దు. బండి మీద వెనక కూర్చున్నప్పుడో, పని చేస్తున్నప్పుడో అడగండి. "వారంలో ఒక పీరియడ్ తీసేసే అధికారం నీకిస్తే ఏది తీసేస్తావు? ఏది ఉంచుతావు?" అని అడిగాను. స్టడీ అవర్ తీసేస్తానంది. జామెట్రీ ఉంచుతానంది. కాస్త ఆగి, "నేను మానేస్తే ఫ్లెక్సీ మీద నా ఫొటో తీసేస్తారా?" అంది. బడి గేటు దగ్గర ముప్ఫై మంది ఫొటోలతో ఫ్లెక్సీ ఉండేది. వాళ్ళమ్మ దాన్ని ఫోన్‌లో తీసి చుట్టాలందరికీ పంపింది. పిల్ల మోస్తున్నది సిలబస్ బరువొక్కటే కాదని అప్పుడు అర్థమైంది.

ఇంకో ఆదివారం పొద్దున్న శాంపిల్ చూడ్డానికి చెరువుకి వచ్చింది. వల విసిరి, కిలో తూచి, లెక్కపెడుతున్నాం. యాభై కౌంటు వచ్చింది, అంటే కిలోకి యాభై రొయ్యలు. నలభైకి వచ్చాక పట్టేద్దాం అనుకుంటున్నాం మేం. అది తూకం దగ్గర కూర్చుని, "నాన్నా, వంద కౌంటు నుంచి తొంభైకి వస్తే రొయ్య ఒక గ్రాము పైచిలుకే పెరిగినట్టు. యాభై నుంచి నలభైకి వస్తే ఐదు గ్రాములు పెరిగినట్టు. రెండుసార్లూ తగ్గింది పదే కదా, ఎందుకలా?" అంది. పదిహేనేళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నాను, నాకెప్పుడూ ఆ అనుమానం రాలేదు. నేను నోరు తెరిచేలోపే "అందుకేనా ఆఖర్లో మేత అంత ఖర్చవుతుంది?" అని ఇంకోటి అడిగింది. మేత బస్తా కాగితం చించి వెనక గీతలు గీసుకుంటూ కూర్చుంది. ఆ కాగితం నిండా కొట్టివేతలే.

పిల్ల బుర్ర ఆకలిగానే ఉంది. బడిలో పెట్టే మేతే దానికి పట్టడం లేదు.

బడికి వెళ్ళినప్పుడు

ఆఫీసులో కూర్చునే ఏ.ఓ. గారితో మొదలుపెట్టొద్దు. ఆయన పని ఫీజు. ముందు లెక్కల సార్ని కలవండి, పేరెంట్స్ మీటింగ్ రోజు కాకుండా మామూలు రోజు. మా అమ్మాయి ఎలా ఉందని అడిగితే "గుడ్ సార్" అంటారు. అలా కాక "మా అమ్మాయి క్లాసులో చివరిసారి ప్రశ్న ఎప్పుడడిగింది?" అని అడగండి. ఆ సారు కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, "ఆరులో చాలా అడిగేదండి. సిలబస్ అయిపోవాలి కదా, తర్వాత చూద్దాం అనేవాణ్ణి. ఇప్పుడు అడగట్లేదు" అన్నారు. మంచి మనిషి. తలకి మించిన షెడ్యూలు ఆయనకీ ఉంది.

నిరుడు మధ్యలో ఈ బ్యాచ్ వదిలిన వాళ్ళెందరు, ఇప్పుడు ఏ సెక్షన్‌లో ఉన్నారు అన్నది కూడా అడగాలి. మామూలు సెక్షన్‌కి మారితే మళ్ళీ వచ్చే వీలుందా అన్నది కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

ఒకేసారి తీసేయక్కర్లేదు. నీరు తేడాగా ఉంటే మందు, సున్నం, నీటి మార్పిడి అన్నీ ఒకే రోజు చేయం కదా, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. మేం ముందు సాయంత్రం స్టడీ అవర్ ఒక్కటే మాన్పించాం. వారం రోజులు తిరిగితే ఒప్పుకున్నారు. పిల్ల ఎనిమిది గంటలు పడుకుంది. మూడు వారాల్లో శనివారం కడుపునొప్పి పోయింది. రఫ్ పుస్తకం మాత్రం అలాగే ముత్యాల్లా ఉంది. కడుపునొప్పి నిద్రది, పుస్తకం సంగతి బ్యాచ్‌ది అని అప్పుడు తేలింది. నొప్పితోపాటు కొట్టివేతలు కూడా తిరిగొచ్చి ఉంటే బ్యాచ్‌లోనే ఉంచేవాళ్ళం. రాలేదు, అందుకని తీశాం.

సంతకం పెట్టే ముందు పెద్దోడికి ఫోన్ చేసి చెప్పాను. "దాన్ని అడిగావా?" అన్నాడు. అడిగానన్నాను. "అయితే సరే" అని పెట్టేశాడు.

కాగితాల పని

అదే బడిలో సెక్షన్ మారడమైతే ఒక అర్జీ చాలు. తేదీ వేసి, ఒక కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. బడే మారితే వార్షిక పరీక్షలయ్యాక, కాలవలు కట్టేసే రోజుల్లో ఈ పని పెట్టుకోండి. టీసీ, స్టడీ సర్టిఫికెట్, మార్కుల కాగితాలతో పాటు పిల్ల పెన్ నంబరు, అంటే ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబరు, రాసుకోండి. బడుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో పిల్ల పేరు పాత బడి వదిలితేనే కొత్త బడి తీసుకోగలదు. ఎనిమిదో తరగతి లోపు పిల్ల ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారుతుంటే పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్‌లో ఉంది. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదని కూడా అందులోనే ఉంది. బాకీ ఉందని ఎవరైనా అడ్డం పెడితే ఈ సెక్షన్ పేరు చెప్పి చూడండి, మాట తీరు మారుతుంది.

బయట కోచింగ్ సెంటరైతే, 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు చదవండి. 16 ఏళ్ళ లోపు పిల్లల్ని చేర్చుకోకూడదని, పూర్తి ఫీజు కట్టి మధ్యలో మానేస్తే మిగిలిన రోజులకి లెక్కగట్టి 10 రోజుల్లో వెనక్కివ్వాలని వాటిలో ఉంది. మా బ్యాచ్ బడి పేరు మీదే నడిచేది కాబట్టి "మాది కోచింగ్ కాదండి" అన్నారు. అడ్వాన్సు తిరిగి రాలేదు. ముందే కట్టకుండా ఉంటే మిగిలేది.

చుట్టాలకి ఏం చెప్పాలన్నది ఆడవాళ్ళకి పెద్ద టెన్షన్. మా ఆవిడ "దానికి నిద్ర చాలట్లేదని మార్చాం" అని ఒకే ముక్క చెప్పేది, అందరికీ అదే. రెండు పెళ్ళిళ్ళయ్యేసరికి అడగడం మానేశారు. ఫ్లెక్సీ జూన్‌లో కొత్త బ్యాచ్‌ది కట్టారు, పాతది మా బడి వాచ్‌మన్ గేదెల పాకకి కప్పుకున్నాడు. మా అమ్మాయి దాన్ని చూసి నవ్వింది.

ఇప్పుడు ఆదివారం పది గంటలకి పక్కూళ్ళో రిటైరైన లెక్కల మాస్టారి దగ్గరికి వెళుతుంది. ఆయన ఒక్క లెక్క ఇచ్చి, తాను పేపరు చదువుకుంటారు. ఆ ఏడాది సెప్టెంబరులో ఐఓక్యూఎం రాసింది. 30లో ఏడింటికే జవాబులు రాసింది, పైకి వెళ్ళలేదు. ఆ ప్రశ్నపత్రం నా మేత లెక్కల పుస్తకంలో దాచుకుంది. మొన్న బస్తాల లెక్క రాద్దామని తెరిస్తే పద్నాలుగో ప్రశ్న దగ్గర కొత్త పెన్సిల్ గీతలు కనిపించాయి, దాని మీద రెండు అడ్డగీతలు, పక్కన చిన్న వృత్తం బొమ్మ.